కాంగ్ బరువు

1933 నాటి 'కింగ్ కాంగ్' సినిమాలో ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కి విమానాలతో కలబడిన మహా వానరం అసలు ఎత్తు సుమారు 18 అంగుళాలు. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, దానిమీద రబ్బరు, పైన కుందేలు బొచ్చు. విల్లిస్ ఓబ్రయన్ ఆ బొమ్మను రవ్వంత కదిపి ఒక ఫ్రేము, మళ్లీ కాస్త కదిపి ఇంకో ఫ్రేము చొప్పున చిత్రీకరించాడు. తెరమీద ఒక్క సెకను కదలికకు 24 ఫ్రేములు కావాలి. బొమ్మను పట్టుకున్నప్పుడల్లా వేళ్లు తగిలి బొచ్చు చెదిరేది. తెరమీద చూస్తే కాంగ్ రోమాలు కోపంతో నిక్కబొడుచుకుంటున్నట్టు ఉండేది. ముఖం దగ్గరగా చూపాల్సిన చోట మాత్రం మనుషులు లోపల ఉండి ఆడించే పెద్ద తలను, విడిగా ఒక చేతిని తయారుచేశారు.

ఆ కథను తర్వాత మళ్లీ తీశారు. 1976లో డీనో డి లారెంటిస్ నిర్మించాడు, 2005లో పీటర్ జాక్సన్ దర్శకత్వం వహించాడు. యూనివర్సల్ సంస్థ అమెరికాలోని తన పార్కుల్లో ఇదే కాంగ్ పేరుమీద నాలుగు రైడ్లు కట్టింది. 1986లో హాలీవుడ్‌లో ఒకటి, 1990లో ఫ్లోరిడాలో ఒకటి. ఆ రెండూ పోయాక 2010లో మళ్లీ హాలీవుడ్‌లో, 2016లో మళ్లీ ఫ్లోరిడాలో. మొదటి రెండూ పాత తరం కాంగ్‌వి, తర్వాతి రెండూ జాక్సన్ రీమేక్ తెచ్చిన కంప్యూటర్ కాలానివి. ఒకే సంస్థ, ఒకే జంతువు. మారిందల్లా మనల్ని నమ్మించే పద్ధతి. పాత సినిమాల రైడ్లు మేలా, రీమేకుల రైడ్లు మేలా అన్న వాదన సాధారణంగా అభిమానాల మీదే నడుస్తుంది. కాంగ్ విషయంలో మాత్రం దాన్ని కొలతలతో, మన చెవి లోపలి నిర్మాణంతో తేల్చుకోవచ్చు.

బొమ్మను 20 రెట్లు పెంచితే

1986లో హాలీవుడ్ పార్కులో నిలబెట్టిన కాంగ్ ఎత్తు 30 అడుగులు. ఓబ్రయన్ బొమ్మకు 20 రెట్లు. పొడవు 20 రెట్లయితే ఎముక అడ్డుకోత వైశాల్యం 20ని 20తో హెచ్చించినంత, అంటే 400 రెట్లు పెరుగుతుంది. ఘనపరిమాణం, దానితోపాటు బరువు, 8,000 రెట్లవుతాయి. బరువు మోసే శక్తి అడ్డుకోతను బట్టి ఉంటుంది కాబట్టి అదే పదార్థంతో చేసిన అదే ఆకారం మీద ఒత్తిడి 20 రెట్లు పడుతుంది. గెలీలియో 1638లో ప్రచురించిన పుస్తకంలోనే ఈ లెక్క ఉంది. చిన్న జంతువు ఎముకల్ని అలాగే సాగదీసి పెద్ద జంతువును చేయలేమని, మందం అంతకు మించి పెరగాలని ఆయన బొమ్మ గీసి మరీ చూపాడు.

నిలబెట్టడం ఒక ఎత్తు, కదిలించడం ఇంకో ఎత్తు. చేతిని భుజం దగ్గర తిప్పాలంటే అడ్డుపడేది జడత్వ భ్రామకం. బరువును దూరపు వర్గంతో హెచ్చిస్తే అది వస్తుంది. బరువు 8,000 రెట్లు, దూరపు వర్గం 400 రెట్లు. రెండూ కలిపితే 32 లక్షల రెట్లు. ఓబ్రయన్ చిటికెన వేలితో కదిపిన చెయ్యి ఇప్పుడు చమురు ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ సిలిండర్లకు కూడా పరీక్షే. లోపల గుల్లగా కట్టి, తేలిక లోహాలు వాడి ఇంజినీర్లు ఈ అంకెను బాగా తగ్గిస్తారు. అయినా చెయ్యి వేగంగా లేచి టక్కున ఆగిందంటే ఆ శక్తి అంతా భుజం కీలు మీదా, పునాది మీదా పడుతుంది.

సినిమావాళ్లు ఈ సమస్యతో అప్పటికే ఒకసారి తలపడ్డారు. 1976 రీమేక్ కోసం కార్లో రాంబాల్డి 40 అడుగుల యాంత్రిక కాంగ్‌ను తయారుచేశాడు. ప్రచారమంతా దాని చుట్టూనే సాగింది. తీరా సినిమాలో అది కనిపించేది కొద్ది సెకన్లే. మిగతా సినిమా అంతా కోతి వేషం తొడుక్కున్న రిక్ బేకర్ నటించాడు, పెద్ద చేతుల్ని మాత్రం యంత్రాలతో చేశారు. పదేళ్ల తర్వాత రైడ్ పని చేపట్టినవాడు బాబ్ గర్. డిస్నీల్యాండ్‌లో ఆటోపియా కార్లనూ మోనోరైలునూ రూపొందించిన ఇంజినీరు. షూటింగ్‌లో యంత్రం ఒక్కసారి సరిగా కదిలితే చాలు, కెమెరా దాన్ని పట్టేస్తుంది. పార్కులో అలా కుదరదు. సందర్శకుల ట్రామ్ వచ్చినప్పుడల్లా, పొద్దున్నుంచి రాత్రిదాకా, ఏడాది పొడవునా అది అదే కోపంతో ఊగాలి. గర్ బృందం కాంగ్ 22 ఏళ్లు ఆ పని చేసింది. సినిమాకు సాధ్యం కాని పనిని పార్కు ఇంజినీర్లు సాధించడం మనం తల వంచి గౌరవించాల్సిన విషయం.

ఆ కాంగ్ కదలిక నెమ్మదిగా ఉండేది. చాలామంది అది యంత్రం లోపమనుకుంటారు. నిజానికి అంత పెద్ద జీవి అలాగే కదలాలి. వేలాడే వస్తువు ఊగే కాలం దాని పొడవు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు 20 రెట్లయితే ఊగే కాలం సుమారు నాలుగున్నర రెట్లు. అందుకే చిన్న నమూనాలతో వరదలు, కూలే భవనాలు తీసేటప్పుడు కెమెరామెన్ ఫ్రేముల వేగం పెంచుతారు. ఇరవయ్యో వంతు నమూనా అయితే సెకనుకు 24 బదులు దాదాపు 107 ఫ్రేములు తీయాలి, అప్పుడే నీళ్లు నిజమైన నదిలా పొర్లుతాయి. చిన్నప్పటి నుంచి చెట్టు కొమ్మల ఊపు, ఏనుగు నడక చూసి చూసి మన మెదడు ఈ సంబంధాన్ని పట్టేసింది. ఎదురుగా ఉన్న 30 అడుగుల ఆకారం నిదానంగా చెయ్యెత్తితే, ఆలోచించకముందే 'ఇది బరువైనది' అని తీర్మానిస్తుంది.

పైగా ఆ కాంగ్ ఊపిరి అరటిపండు వాసన వేసేది. నవ్వొచ్చే విషయంలా ఉన్నా, ఆ రైడ్ ఎక్కినవాళ్లు చాలామంది ముందుగా చెప్పేది దాన్నే. చూపు, వినికిడి, స్పర్శ సంకేతాలు మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళ్తాయి. వాసన సంకేతానికి ఆ మజిలీ అవసరం లేదు, భయాన్నీ జ్ఞాపకాన్నీ చూసే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది. పైపెచ్చు వాసన రావాలంటే ఆ పదార్థపు అణువులు మన ముక్కులోకి నిజంగా రావాలి. ఊపిరి తగిలేంత దగ్గర్లో అది ఉందని అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

1990 జూన్‌లో ఫ్లోరిడా పార్కు తెరిచిన రోజే అక్కడ 'కాంగ్‌ఫ్రంటేషన్' కూడా మొదలైంది. న్యూయార్క్‌లో ఈస్ట్ నది మీదుగా రూజ్వెల్ట్ దీవికి వెళ్లే తీగ ట్రామ్‌ను పోలిన బండ్లో సందర్శకుల్ని కూర్చోబెట్టి, దారిలో రెండు కాంగ్‌లను నిలిపారు. కాంగ్ చేతికి చిక్కినట్టే చిక్కి బండి కిందికి జారేది. చివర్లో బండిలోని టీవీలో వార్తలు వచ్చేవి, ఆ వార్తల్లో మీ ముఖాలే కనిపించేవి. ఆ రైడ్ 2002లో మూతపడింది.

అదే భవనంలో మమ్మీ

మూతపడ్డ ఆ భవనంలోకి వచ్చింది ఇంకో రీమేక్. 1932లో బోరిస్ కార్లాఫ్ నటించిన 'ది మమ్మీ' నెమ్మదైన సినిమా. భయమంతా అతని ముఖంలోనే ఉంటుంది. 1999లో స్టీఫెన్ సోమర్స్ దాన్ని పరుగులు, పోరాటాలు, ఇసుక తుఫానుల సాహసగాథగా మళ్లీ తీశాడు. 2004లో కాంగ్‌ల స్థానంలో తెరుచుకున్న 'రివెంజ్ ఆఫ్ ది మమ్మీ' ఆ రెండో సినిమాకు పుట్టిన రైడ్. సగం దారి బొమ్మల మధ్య నిదానంగా సాగి, ఆపైన చీకట్లో రోలర్ కోస్టర్‌గా మారిపోతుంది. అందులోని నిధి గదిలో చిన్న బంగారు కాంగ్ విగ్రహం కూడా పెట్టారు, పాత కాపురస్థుడికి నివాళిగా.

ఈ కోస్టర్‌ను ముందుకు తోసేది లీనియర్ ఇండక్షన్ మోటార్. మామూలు మోటారులో గుండ్రంగా తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని విప్పి పట్టాల పొడవునా తిన్నగా పరిచారనుకోండి. తీగచుట్టల్లో విద్యుత్తు వరసగా మారుతుంటే అయస్కాంత అల ముందుకు పరుగెడుతుంది. బండి కింద ఉన్న లోహపు రేకులో ఆ అల సుడి విద్యుత్తును పుట్టిస్తుంది, ఆ విద్యుత్తుకూ క్షేత్రానికీ మధ్య బలం బండిని తోస్తుంది. ఒకదానికొకటి తగలవు కాబట్టి అరుగుదల ఉండదు. గొలుసు పట్టి కొండెక్కించాల్సిన పని లేకపోవడంతో నాలుగు గోడల మధ్య, తక్కువ ఎత్తులో కూడా కోస్టర్ పట్టింది.

రీమేక్ రైడ్ల మీద పాత సినిమా అభిమానులకు ఉన్న కోపం ఇక్కడ అన్యాయమని నా అభిప్రాయం. మమ్మీ రైడ్ తన సినిమాలాగే వేగాన్ని నమ్ముకుంది, ఆ వేగం నిజమైనది. మీ వెన్నును సీటుకు నొక్కే త్వరణంలో బూటకమేమీ లేదు.

తెరల మధ్య ట్రామ్

2008 జూన్ 1న హాలీవుడ్ స్టూడియోలోని న్యూయార్క్ వీధి సెట్ దగ్గర మంటలు లేచాయి. సెట్ పైకప్పు మరమ్మతులో వేడి చేసే టార్చ్ వాడిన తర్వాత పుట్టిన మంట అది. ఆ మంటల్లో రికార్డింగులు దాచిన భవనం ఒకటి, 30 అడుగుల కాంగ్, రెండూ కాలిపోయాయి. దాని స్థానంలో లోహపు కాంగ్‌ను మళ్లీ కట్టలేదు. పీటర్ జాక్సన్ సహకారంతో 2010 జూలైలో 'కింగ్ కాంగ్ 360 3-డి' తెరిచారు. స్టూడియో టూర్ ట్రామ్ చీకటి గుహలాంటి సొరంగంలోకి వెళ్లి ఆగుతుంది. రెండు వైపులా వంపు తిరిగిన పొడవాటి తెరలు. కళ్లద్దాలు పెట్టుకోగానే అటూ ఇటూ అడవి, వీరెక్స్‌లనే డైనోసార్‌లు, వాటితో మన తలల మీదుగా పోరాడే కాంగ్. 2005 సినిమాలో ఆండీ సెర్కిస్ కదలికల్ని నమోదు చేసి కంప్యూటర్‌లో ప్రాణం పోసిన కాంగ్‌కు వారసుడు ఇతను. గంతులేస్తాడు, దూకుతాడు, దవడలు చీలుస్తాడు. గర్ కాంగ్‌కు ఇవేవీ చేతకావు.

మరి ముందుకు సాగని ట్రామ్‌లో కూర్చున్న మనకు కదిలినట్టు ఎందుకనిపిస్తుంది? సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆగి ఉన్న రైల్లో ఉన్నప్పుడు పక్క పట్టాల మీది రైలు కదిలితే మన రైలే బయల్దేరిందనిపిస్తుంది. చూపు అంచుల దాకా ఒకే దిశలో దృశ్యం జారితే మెదడు 'లోకం కదలదు, నేనే కదులుతున్నాను' అని లెక్కగడుతుంది. దీన్ని వెక్షన్ అంటారు. 360 రైడ్ తెరలు రెండు పక్కలా అంత దూరం పరుచుకోవడానికి కారణం ఇదే. చూపు మధ్యభాగం కంటే అంచుల్ని కప్పేయడం ఈ మాయకు ముఖ్యం.

కానీ కన్ను ఒక్కటే సాక్షి కాదు. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్ని పసిగడతాయి. వాటి పక్కనే జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి, వీటిని ఓటోలిత్‌లంటారు. ఇవి తిన్నని త్వరణాన్నీ గురుత్వాకర్షణ దిశనూ చెబుతాయి. ఓటోలిత్‌లకు ఒక బలహీనత ఉంది. తల వెనక్కి వంగడానికీ, బండి ముందుకు ఉరకడానికీ తేడా వాటికి తెలియదు. రెండు సందర్భాల్లోనూ స్ఫటికాలు వెనక్కే జారతాయి. సిమ్యులేటర్ కట్టేవాళ్లు దీన్నే పట్టుకున్నారు. తెరమీద దృశ్యం ముందుకు దూసుకుపోతుండగా సీటును వెనక్కి వంచితే 'వేగం అందుకున్నాం' అనిపిస్తుంది. ఆ వంపు సెకనుకు సుమారు 3 డిగ్రీలకు మించకుండా జరగాలి, లేకుంటే నాళాలు 'నిన్ను తిప్పుతున్నారు' అని గుట్టు విప్పేస్తాయి. పైలట్ల శిక్షణ కోసం పుట్టిన ఈ పరిజ్ఞానాన్ని 1987లో డిస్నీల్యాండ్ 'స్టార్ టూర్స్' రైడ్‌గా జనం ముందుకు తెచ్చింది.

ఈ మాయకు హద్దుంది. 20 డిగ్రీలు వెనక్కి వంచినా దొరికే త్వరణం గురుత్వంలో మూడో వంతే. పొడవాటి ట్రామ్‌నైతే అంత కూడా వంచలేరు. అందుకే 360 రైడ్ కుదుపుల్ని నమ్ముకుంది. ట్రామ్ కింది వేదిక గట్టిగా ఊగుతుంది, గాలి కొడుతుంది, నీళ్లు చిలకరిస్తారు. తెరమీద కాంగ్ పిడికిలి పడ్డ క్షణానికీ ట్రామ్ అదిరిన క్షణానికీ మధ్య తేడా రాకుండా చూసుకోవాలి. అది కుదిరితే మెదడు రెండింటినీ ముడేసి ఒకే సంఘటనగా నమ్ముతుంది.

కుదరని చోటు ఇంకోటి ఉంది, అది కూర్చున్న సీటు. త్రీడీ దృశ్యం మన రెండు కళ్లకు మధ్య ఉన్న ఆరున్నర సెంటీమీటర్ల దూరం మీద ఆధారపడి, ఒక్కో కంటికి కాస్త తేడా ఉన్న బొమ్మను చూపిస్తుంది. ఆ బొమ్మల్ని ఒక నిర్ణీత స్థానం నుంచి చూసినట్టు గీస్తారు. ట్రామ్‌లో వంద మందికి పైగా ఉంటారు. ఆ స్థానంలో కూర్చునేది కొందరే. మిగతావారికి దూరాలు కాస్త సాగి, వంపులు తేడాగా కనిపిస్తాయి. నిజమైన వస్తువుకు ఈ ఇబ్బంది లేదు. తల అర అడుగు పక్కకు జరిపితే దగ్గరి వేలు, దూరపు భుజం వేర్వేరుగా జరుగుతాయి. తెరమీద ఆ తేడా రాదు, తల ఎటు జరిపినా కాంగ్ అలాగే ఉంటాడు. మన మెదడు పసితనం నుంచీ దూరాన్ని కొలిచే ముఖ్యమైన పద్ధతుల్లో ఇదొకటి. కాబట్టి తెర కాంగ్ ఎంత చక్కగా ఉన్నా అతనికీ మనకూ మధ్య ఒక గాజు అడ్డం ఉందన్న అనుమానం పూర్తిగా పోదు.

తెర రైడ్లు ఎందుకు పెరిగాయో ఊహించడం కష్టం కాదు. లోహపు కాంగ్‌కు చమురు కారుతుంది, కీళ్లు అరుగుతాయి, చర్మం చిరుగుతుంది. తెరకు ప్రొజెక్టరు చూసుకుంటే చాలు. కథ పాతబడితే ఫైలు మార్చవచ్చు. హాలీవుడ్‌లో 1996లో మొదలైన 'జురాసిక్ పార్క్' రైడ్‌ను 2018లో మూసి, మరుసటి ఏడాది 'జురాసిక్ వరల్డ్' పేరుతో తెరిచినప్పుడు కూడా సగం అలాగే జరిగింది. 'జురాసిక్ వరల్డ్' సినిమా రీమేక్ కాదు, కొనసాగింపు. రీమేక్ అయింది రైడే. మొదట్లోనే మోససార్ అనే నీటి జంతువు ఈదే అద్దాల తొట్టిని తెరలతో చూపిస్తారు. చివరన ఉన్న 84 అడుగుల జారుడును మాత్రం ముట్టుకోలేదు. ఆ ఎత్తు నుంచి ఘర్షణ లేకుండా పడితే వేగం గంటకు 80 కిలోమీటర్లవుతుంది. పడుతున్నంతసేపూ ఓటోలిత్‌లకు బరువు తగ్గినట్టు నిజంగానే తెలుస్తుంది. ఏ వేదికను ఎంత వంచినా ఆ అనుభూతి రాదు.

2016లో ఫ్లోరిడాలో తెరిచిన 'స్కల్ ఐలాండ్: రెయిన్ ఆఫ్ కాంగ్' ఈ పాఠం నేర్చుకున్న రైడ్. పట్టాల్లేని 72 సీట్ల పెద్ద ట్రక్కు దానంతట అదే దారి పట్టి తిరుగుతుంది. మధ్యలో 360 రైడ్ తరహా తెరల సొరంగం ఉంది, పోరాటమంతా అక్కడే. అంతా అయిపోయిందనుకున్నాక చివరి మలుపులో నిజమైన కాంగ్ ఎదురవుతాడు. భారీ తల, భుజాలు, కదిలే కళ్లు, కొట్టుకునే రెప్పలు. ఉన్నది కొద్ది సెకన్లే, చేసేది ఒక గర్జన. అయినా ట్రక్కులో అందరికీ, ఏ సీటులో ఉన్నా, అదే కాంగ్ నిజంగా ఎదురుగా ఉంటాడు. నాలుగు కాంగ్ రైడ్లలో నా ఓటు దీనికే. దూకడాలు, కొట్లాటలు లోహం చేయలేని పని, అది తెరకు అప్పగించారు. 'నేను నీ ముందున్నాను' అనడం తెర చేయలేని పని, అది లోహానికి అప్పగించారు. రామోజీ ఫిలిం సిటీలో 'బాహుబలి' సెట్ల మధ్య తిరిగే జనాన్ని చూసినా ఇదే అర్థమవుతుంది. సినిమాలో కంప్యూటర్ గీసిన మాహిష్మతి ఎంత గొప్పదైనా, చెయ్యి వేసి తాకి చూడాలనిపించేది కట్టిన గోడనే. మన సినిమా మీద రేపు ఎవరైనా రైడ్ కట్టదలిస్తే తెరలకు పెట్టే ఖర్చులో కొంత ఒక్క కదిలే నిజమైన ఆకారానికి కేటాయించమని నా మనవి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లిన మన పెద్దలు లాస్ ఏంజిలెస్ వైపు వెళ్తే యూనివర్సల్ స్టూడియో టూర్ ఎక్కడం మామూలే. బస్సు ప్రయాణంలో కడుపులో తిప్పేవారికి తెర రైడ్లలోనూ అలాగే కావచ్చు. కన్ను 'కదులుతున్నాం' అని, చెవి 'లేదు' అని అన్నప్పుడు వచ్చే ఇబ్బంది అది. అలా అనిపిస్తే త్రీడీ కళ్లద్దాలు తీసేసి, తెరను వదిలి ముందు సీటు వెనుక భాగం మీద చూపు నిలపండి, లేదా కళ్లు మూసుకోండి. మెడనొప్పి, నడుంనొప్పి, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం కుదుపుల రైడ్ ఎక్కకముందు ద్వారం దగ్గర రాసిన హెచ్చరిక బోర్డు పూర్తిగా చదివాకే లోపలికి వెళ్లండి.